స్పెక్ట్రమ్ మూత విప్పే ముందు: మెమొరీ మరమ్మతులో పాటించవలసిన జాగ్రత్తలు

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కు నలభై ఏళ్లు దాటాయి. స్కాట్లండ్‌లోని డండీలో టైమెక్స్ కర్మాగారంలో తయారైన అసలు యంత్రమైనా, తరువాతి కాలంలో మన దేశంలో డెసిబెల్స్ సంస్థ పేరుతో వచ్చిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అయినా, ఏళ్ల తరబడి అటక మీద ఉన్న దానిని దించి టీవీకి కలిపినప్పుడు, సింక్లెయిర్ రీసెర్చ్ పేరు కనబడవలసిన చోట నిలువు చారలో, రంగురంగుల గళ్లో, కదలని నల్లని తెరో ఎదురుకావడం మామూలే. చూసినవారు వెంటనే "ర్యామ్ పోయింది" అని తేల్చి, ఎనిమిది చిప్పులు తెప్పించి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేస్తారు. అసలు నష్టం చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ యంత్రంలో మెమొరీ చిప్పు తనంతట తాను చెడిపోవడం కంటే, దానికి అందే వోల్టేజీలు తప్పడం వల్ల చెడిపోవడమే ఎక్కువగా చూశాను. అందుచేత ఇక్కడ చెప్పే జాగ్రత్తలలో పెద్ద భాగం చిప్పులకు సంబంధించినది కాదు, కరెంటుకు సంబంధించినది.

ముందుగా లోపల ఏముందో తెలియాలి. 48కె (48 కిలోబైట్ల) స్పెక్ట్రమ్‌లో ర్యామ్ రెండు భాగాలుగా ఉంటుంది. బోర్డు మీద ఐసీ6 నుంచి ఐసీ13 వరకు గుర్తులున్న ఎనిమిది 4116 చిప్పులు కింది (తక్కువ చిరునామాల) 16కె. తెర మీద కనబడే బొమ్మ కూడా ఇందులోనే, 16384వ చిరునామా నుంచి మొదలవుతుంది. ఐసీ15 నుంచి ఐసీ22 వరకు ఉన్నవి పై 32కె. ఇవి తక్కువ ధరకు దొరికాయని వాడిన 4532 రకం చిప్పులు. నిజానికి ఇవి ఒక్కొక్కటి 64 కిలోబిట్ల చిప్పులే, అయితే సగం మాత్రమే పనిచేస్తుంది, ఏ సగం పనిచేస్తుందో బోర్డు మీద ఒక చిన్న లింకుతో సూచిస్తారు. పై భాగానికి 5 వోల్టులు చాలు. 4116కు మాత్రం మూడు వోల్టేజీలు కావాలి: 1వ పిన్నుకు మైనస్ 5, 8వ పిన్నుకు 12, 9వ పిన్నుకు 5 వోల్టులు, 16వ పిన్ను గ్రౌండ్. ఈ మూడింటిలో మైనస్ 5 అందరికంటే ముందు రావాలి, అందరికంటే చివర పోవాలి. మైనస్ 5 లేకుండా 12 వోల్టులు మాత్రం అందితే చిప్పు లోపల కరెంటు అదుపు తప్పి ప్రవహించి, అది వేడెక్కి చెడిపోతుంది.

ఆ 12, మైనస్ 5 వోల్టులు బయటి అడాప్టర్ నుంచి రావు. టీఆర్4, టీఆర్5 అనే రెండు ట్రాన్సిస్టర్లూ, ఒక తీగ చుట్ట (కాయిల్) కూడా కలిసి బోర్డు మీదనే వాటిని పుట్టిస్తాయి. టీఆర్4 చెడితే మైనస్ 5 పోతుంది, దానితో 4116లు పోతాయి. 4116లలో ఒకటి లోపల షార్ట్ అయితే ఆ భారం పడి టీఆర్4 పోతుంది. అంటే ఏది ముందు చెడిందో చూడగానే చెప్పలేము, ఒకదానిని మాత్రమే మార్చితే రెండవది దానిని మళ్లీ చెడగొడుతుంది. నేను బాగుచేయబోయిన మొదటి స్పెక్ట్రమ్‌లో ఈ సంగతి తెలియక కొత్త 4116లు ఎనిమిదీ అమర్చి స్విచ్ వేశాను; నిమిషం గడవకముందే మూడు చిప్పులు వేలు ఆనించలేనంతగా కాలాయి. మల్టీమీటర్ పక్కనే ఉంది, తీసి చూడలేదు.

యంత్రాన్ని విప్పడానికి ముందే చూడవలసినది అడాప్టర్. స్పెక్ట్రమ్ ప్లగ్గులో మధ్య భాగం మైనస్, బయటి భాగం ప్లస్. ఇప్పుడు ఇళ్లలో ఉండే రౌటర్ల, సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్లలో ఎక్కువ భాగం దీనికి తలకిందులు. ప్లగ్గు సరిగ్గా పట్టినంత మాత్రాన సరిపోతుందనుకుని అలాంటిది పెడితే, తలకిందుల కరెంటును ఆపే రక్షణ ఈ బోర్డులో లేదు కనుక, అప్పటివరకు బాగున్న యంత్రం కూడా ఆ క్షణంలోనే పాడవుతుంది. గిటార్ పెడళ్ల అడాప్టర్లు 9 వోల్టులు, మధ్య మైనస్ కనుక సరిపోతాయనిపిస్తుంది గాని, వాటిలో చాలా వాటికి స్పెక్ట్రమ్‌కు కావలసిన 1.4 ఆంపియర్లు ఇచ్చే శక్తి ఉండదు. పాత అసలు అడాప్టర్ దగ్గర ఉంటే, యంత్రానికి కలపకుండా కొలిచినప్పుడు 9కి బదులు 12, 13 వోల్టులు కనబడవచ్చు; అది రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగం) లేని అడాప్టర్ స్వభావమే, భయపడనక్కరలేదు. ఆ డబ్బాను మాత్రం విప్పవద్దు, అందులో 230 వోల్టులు ఉంటాయి.

ఇంకొక చిన్న మాట: స్పెక్ట్రమ్ బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్ మీద పంపుతుంది. టీవీని దానికి ట్యూన్ చేయకుండా "యంత్రం చచ్చిపోయింది" అని నిర్ణయించడం తగదు. కంపోజిట్ వీడియో కోసం మాడ్యులేటర్‌ను (టీవీ సిగ్నల్ తయారుచేసే భాగాన్ని) మార్చాలన్న కోరిక ఉన్నా, మెమొరీ లోపం తేలేవరకు దాని జోలికి వెళ్లకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏ లోపం ఎక్కడిదో తెలియదు.

కింద ఉన్న అయిదు స్క్రూలు తీశాక పై మూతను అమాంతం లాగకూడదు. కీబోర్డు పొర నుంచి వచ్చే రెండు పల్చని పట్టీలు బోర్డు మీది కనెక్టర్లలో గుచ్చి ఉంటాయి. కాలం గడిచే కొద్దీ అవి ఎండుటాకులా పెళుసెక్కి, రెండుమూడుసార్లు తీసి పెడితే విరుగుతాయి. పరీక్షలకు మధ్యమధ్య వాటిని పెట్టి తీయకుండా, కీలు నొక్కవలసిన అవసరం వచ్చేవరకు బయటే ఉంచండి. చలికాలపు పొడి రోజులలో నైలాన్, పాలిస్టర్ బట్టలతో కూర్చుని చిప్పులను ముట్టుకోవద్దు. గ్రౌండ్‌కు కలిపిన రిస్ట్ స్ట్రాప్ ఉంటే మంచిది. వానాకాలంలో, ముఖ్యంగా సముద్ర తీరపు ఊళ్లలో, పట్టించుకోవలసినది చిలుము. వెనుక ఉన్న ఎడ్జ్ కనెక్టర్ మీద ఆకుపచ్చ పొర కనబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకనే కరెంటు ఇవ్వాలి. ఆ కనెక్టర్‌లో వేర్వేరు వోల్టేజీలు దగ్గర దగ్గరగా ఉంటాయి. జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్‌ను గాని, పరీక్ష కోసం తెచ్చుకున్న డయాగ్నస్టిక్ కార్డును గాని స్విచ్ ఆన్‌లో ఉండగా గుచ్చడం, లాగడం, వంకరగా పెట్టడం ఎంతో బాగున్న ర్యామ్‌ను చంపిన సందర్భాలకు లెక్కలేదు.

కరెంటు ఇవ్వకముందే మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, ఏదైనా ఒక 4116 మీద 16వ పిన్నుకూ 1, 8, 9 పిన్నులకూ మధ్య నిరోధం చూడాలి. దాదాపు సున్నా కనబడితే ఆ దారిలో షార్ట్ ఉందని అర్థం. అది తేలకుండా స్విచ్ వేయకూడదు. తరువాత వోల్టేజీలు కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ను చేతితో పట్టుకోకుండా, రెగ్యులేటర్ హీట్‌సింక్‌కు క్లిప్‌తో తగిలించండి, అది గ్రౌండే. ఎర్ర ప్రోబ్ జారి 12 వోల్టుల పిన్ను పక్కనున్న అడ్రెస్ పిన్నును తాకితే మరమ్మతు ఒకటి కాస్తా నాలుగవుతుంది. అందువల్ల ఆ ప్రోబ్ మొనకు చివర మాత్రమే బయటపడేలా స్లీవ్ తొడగడం మేలు. ప్రతి వోల్టేజీ తన విలువకు 10 శాతం అటూ ఇటూ లోపల ఉండాలి. చుట్ట నుంచి సన్నని రొద వినిపిస్తుంటే కలవరపడకండి, అది పనిచేస్తున్నదనడానికి గుర్తు. మైనస్ 5 లేకపోతే వెంటనే స్విచ్ ఆపాలి; కారణం వెతకడమంతా కరెంటు తీసేశాకనే. రెగ్యులేటర్ 7805 మామూలుగానే బాగా కాలుతుంది, వేలు పెట్టి చూడవద్దు. 4116లు కూడా గోరువెచ్చగా ఉండడం సహజం. ఒక్కటి మాత్రం తక్కిన ఏడింటి కంటే స్పష్టంగా వేడిగా ఉంటేనే అనుమానించాలి.

వోల్టేజీలు సరిగా ఉన్నాయని తేలాకనే చిప్పుల విచారణ. కింది 16కెలో ఒక్కొక్క చిప్పు ఒక్కొక్క బిట్‌ను మోస్తుంది, కనుక ఒక చిప్పు పోతే తెర అంతటా ప్రతి ఎనిమిది చుక్కలకూ ఒకటి చొప్పున నిలువు గీత రావడం సాధారణ లక్షణం. పై 32కె చెడితే యంత్రం లేచి కూర్చుంటుంది, కాని తక్కువ మెమొరీతో. యంత్రంలోని బేసిక్ భాషలో ప్రింట్ పీక్ 23732+256*పీక్ 23733 అని అడిగితే 65535 రావాలి. 32767 వస్తే పై భాగం అసలు లేదని అది అనుకుంటున్నది. ఇక్కడ ఒక మోసం ఉంది. ఆన్ చేయగానే ర్యామ్‌ను పరీక్షించే, రోమ్‌లోని (చెరగని మెమొరీలోని) ప్రోగ్రామ్ ప్రతి బైటులోనూ 2 రాసి, రెండుసార్లు ఒకటి చొప్పున తగ్గించి, సున్నా వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. పై ఆరు బిట్లలో ఏదైనా ఎప్పుడూ సున్నాగానే ఉండిపోతే ఈ పరీక్షకు చిక్కదు. అందువల్ల 65535 చూసి సంబరపడి మూత బిగించకండి.

పై భాగాన్ని గట్టిగా పరీక్షించడానికి బేసిక్‌లో క్లియర్ 32767 అని ముందు ఇవ్వండి. అది ఇవ్వకపోతే బేసిక్ తన స్టాక్‌ను (పని మధ్యలో గుర్తుంచుకోవలసినవి దాచుకునే చోటును) మెమొరీ పై చివరన ఉంచుకుంటుంది కనుక, మీ పరీక్షే యంత్రాన్ని పడగొడుతుంది. ఆపైన 32768 నుంచి 65535 వరకు అన్నిటిలో 85 పోక్ చేసి (రాసి), అంతా రాయడం అయ్యాక మొదటి నుంచి పీక్ చేసి (చదివి) చూడాలి, తరువాత 170తో అదే పని చేయాలి. రాసిన వెంటనే చదివితే విలువను కాసేపు కూడా నిలుపుకోలేని చిప్పు దొరకదు. బేసిక్‌లో దీనికి నిమిషాల తరబడి పడుతుంది, ఓపిక పట్టాలి. 85 రాసిన చోట 69 కనబడితే తేడా 16, అంటే సున్నా నుంచి లెక్కించినప్పుడు 4వ బిట్. ఆ బిట్ ఏ చిప్పుదో మీ బోర్డు ఇష్యూకు (వెర్షన్‌కు) చెందిన సర్క్యూట్ పటంలో చూసుకోండి. ఎనిమిది బిట్లూ ఒకేసారి తప్పుతుంటే చిప్పులను వదిలి, ముందు వాటికి అడ్రెస్‌లు అందించే 74ఎల్‌ఎస్157లను అనుమానించండి.

అనుమానించిన చిప్పు మీద మంచి చిప్పును సవారీ ఎక్కించి చూసే పద్ధతి చాలామందికి ఇష్టం. చెడినది మౌనంగా ఉంటేనే అది పనిచేస్తుంది. షార్ట్ అయినదైతే పైనున్న మంచిదానిని కూడా తనతో లాగేస్తుంది. చేయదలిస్తే స్విచ్ ఆపి పెట్టాలి, ఆపే తీయాలి.

చిప్పు మార్చవలసి వచ్చినప్పుడు దానిని బతికించే ప్రయత్నం చేయవద్దు. ముందు బోర్డును ఫోటో తీసుకుని, కాళ్లను సన్నని కట్టర్‌తో ఒంటికి దగ్గరగా కత్తిరించి, ఒక్కొక్క కాలినీ విడిగా వేడిచేసి తీసి, రంధ్రాన్ని సోల్డర్ పీల్చే సక్కర్‌తో శుభ్రం చేయండి. పదహారు కాళ్లనూ ఒకేసారి కరిగించి లాగబోతే రంధ్రంలోని రాగి పూత ఊడి వస్తుంది. అది పోతే చిప్పు కంటే ఖరీదైన తలనొప్పి. గ్రౌండ్ కాలికి వేడి త్వరగా నిలవదు, దానిని చివరకు ఉంచుకుని, బలం కాక సమయం వాడండి. ఖాళీ అయిన చోట గుండ్రని పిన్నుల సాకెట్ పెట్టండి.

కింది భాగంలో ఎప్పటికీ 4164 పెట్టకూడదు, ఆకారం ఒకటే అయినా దాని 8వ పిన్ను 5 వోల్టులది. ఈ బోర్డులో ఆ పిన్ను దగ్గర 12 ఉంటుంది. పై భాగంలో మాత్రం 4532 స్థానంలో 4164 చక్కగా సరిపోతుంది, కాని 128 రిఫ్రెష్ చక్రాలతో (దాచినది చెరిగిపోకుండా తాజా చేసే చక్రాలతో) సరిపెట్టుకునే రకం కావాలి, ఎందుకంటే ప్రాసెసర్ జెడ్80 ఇచ్చే రిఫ్రెష్ అడ్రెస్ ఏడు బిట్లదే. ఇప్పుడు తయారీలో లేని ఈ చిప్పులను అమ్మేవారిలో పాత గుర్తు చెరిపి కొత్తది ముద్రించేవారూ ఉన్నారు కనుక, వీలైతే ముందే పరీక్షించినవి కొనండి.

సాకెట్లు అమర్చిన తరువాత చిప్పులు పెట్టకుండానే ఒకసారి స్విచ్ వేసి, ఖాళీ సాకెట్ల 1, 8, 9 పిన్నుల దగ్గర వోల్టేజీలు మళ్లీ కొలవండి. సరిగా ఉంటే ఆపి, కొద్ది నిమిషాలు ఆగి, చిప్పు గాడి మీరు మొదట తీసుకున్న ఫోటోలో ఉన్న వైపే ఉండేలా గుచ్చండి. 4116ను తిప్పి పెడితే గ్రౌండ్ పిన్నుకు 12 వోల్టులు అందుతాయి. యంత్రం లేచాక అరగంట ఆన్‌లో ఉంచి, వేడెక్కాక పరీక్షను ఇంకొకసారి నడపండి. చల్లగా ఉన్నప్పుడు దాక్కున్న లోపాలు అప్పుడు బయటపడతాయి. ఆ రెండవ పరీక్ష కూడా దాటాక కీబోర్డు పట్టీలను నిటారుగా, ఒక్కసారే, వంచకుండా కనెక్టర్లలోకి దించి మూత పెట్టవచ్చు.