వానలు దిగకముందే పీసీవీ వాల్వ్: మార్చేవాళ్లకు జాగ్రత్తలు

విజయనగరం నుంచి సాలూరు ఘాట్ మీదుగా ఒడిశా వైపు పాత పెట్రోలు కారులో వెళ్లేవాళ్లు, మృగశిర కార్తె రాకముందే ఒకసారి పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) వాల్వ్ చూసుకోండి. బొటనవేలంత ముక్క. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారిన గ్యాసును మళ్లీ ఇంటేక్‌లోకి, అంటే ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోకి, పంపి కాల్చేయించడం దాని పని. అది మూసుకుపోతే గ్యాసుకు దారి ఉండదు. ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) అంచున ఆయిల్ చెమరుస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మీద లోడు ఎక్కువ కాబట్టి ఆ గ్యాసూ ఎక్కువే. సీళ్లకు వేలు పోసి ఈ వాల్వ్‌ను వదిలేస్తే కొత్త సీలు కూడా కారుతుంది.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఊళ్లోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆయిల్‌తో కలిసి, ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు వాల్వ్‌లో చేరినా జామే. తెట్టుతో పాటు కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. అప్పుడు బండి నడపకండి, మెకానిక్‌ను పిలిపించండి.

ఇంజన్ బాగా చల్లారాకే చెయ్యి పెట్టండి. కొన్ని కార్లలో తాళం తీసినా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

అసలు ప్రమాదం ట్యాపెట్ కవర్‌లో వాల్వ్ కూర్చునే రబ్బరు బుష్‌తో. ఏళ్ల తరబడి వేడికి అది పెంకులా గట్టిపడుతుంది. ఒకసారి నేను ప్లాస్‌తో వాల్వ్‌ను గట్టిగా లాగితే బుష్ రెండు ముక్కలై, ఒక ముక్క ట్యాపెట్ కవర్ లోపలికి జారిపోయింది. నల్లటి ఆయిల్‌లో నల్లటి రబ్బరు, టార్చి వేసినా కనిపించలేదు. కవరు విప్పక తప్పలేదు, కొత్త గ్యాస్కెట్ కొనక తప్పలేదు. అందుకే ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవండి. తర్వాత వాల్వ్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి తీయండి. బుష్ కొంచెం పగిలినట్టున్నా ముక్కలన్నీ బయటికొచ్చాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక్క ముక్క తగ్గినా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. వాల్వ్‌తో పాటు కొత్త బుష్ తప్పనిసరిగా కొనండి. దానికి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాస్తే సులువుగా దిగుతుంది.

వాల్వ్ నుంచి ఇంటేక్‌కు వెళ్లే పైపు వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే అదీ మార్చాలి. మామూలు నీళ్ల పైపు తగిలించొద్దు. ఆయిల్‌కు ఉబ్బుతుంది, లోపలి పీల్పుకు నొక్కుకుపోతుంది.

చూడ్డానికి ఒకేలా ఉందని వేరే ఇంజన్ వాల్వ్ పెట్టకండి, పార్ట్ నంబరు సరిపోవాలి. గాలి ఒకవైపే పోతుంది కాబట్టి విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కొన్ని కార్లలో ఈ వాల్వ్ ట్యాపెట్ కవర్‌లోనే కలిసి ఉంటుంది. అలాంటిది షెడ్డుకే వదిలేయండి.

బిగించాక ఐడ్లింగ్‌లో చెవి పెట్టండి. బుస్సుమని గాలి శబ్దం వచ్చినా, ఇంజన్ వణికినా ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం, క్లిప్పులు మళ్లీ చూడండి. తర్వాత ముప్ఫై కిలోమీటర్లు నడిపి, ట్యాపెట్ కవర్ అంచును తెల్లగుడ్డతో తుడిచి చూడండి. తడి తగలకపోతే ఘాట్‌కు బయల్దేరొచ్చు.