విత్తని కూరలు, నాటని పండ్లు: ఏ కాలంలో ఏవి, ఎట్లా ఏరుకోవాలి

మా ఊరు మెదక్ జిల్లా నర్సాపూర్ అడవికి దగ్గర. నేనుండేది బాలానగర్‌లో, ఒక ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగం. నెలకు రెండు ఆదివారాలు బస్సెక్కి ఊరికి పోయి చిన్నమ్మ వెంట గట్ల మీద తిరుగుతా. ఆరేళ్లలో నాకు టెన్షన్ లేకుండా కోసుకునేంతగా తెలిసినవి పద్దెనిమిది. చిన్నమ్మకు ఎన్ని తెలుసో ఆమే ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నేను టిఫిన్ డబ్బాలో తెచ్చే కూరలు చూసి ఆఫీసులో అందరూ ‘ఎక్కడ దొరుకుతాయి, ఎట్లా గుర్తుపట్టాలి’ అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

మొదట అడవికి పోకండి. తెలిసినవాళ్ల చేను గట్టు మీద మొదలుపెట్టండి. ఏడాదికి మూడు నాలుగు మొక్కలు నేర్చుకుంటే చాలు. ఒక్కోదాన్ని మొలకప్పుడు, పూతప్పుడు, కాయప్పుడు చూడాలి. ఫోన్లో ఫొటో చూసి కోసేది పనికిరాదు. ఫొటోకు వాసన ఉండదు, తుంచితే కారే పాలు అందులో కనపడవు.

మాకు ఏడాది మృగశిర కార్తెతో, అంటే జూన్ మొదటి వారం దాటాక మొదలవుతుంది. నాలుగు వానలు పడగానే చేలల్లో గునుగు, చెంచలి, చిలుక తోటకూర మొలుస్తాయి. గునుగును బతుకమ్మ పువ్వుగానే చాలామంది ఎరుగుదురు. జానెడు ఎత్తున ఉన్నప్పుడు, పూత రాకముందు దాని కొసలు గిల్లి పప్పులో వేస్తే తోటకూర కంటే మెత్తగా ఉంటుంది. పూత పట్టిందంటే వదిలేయండి, పీచు. చెంచలి జొన్న చేలో ఎక్కువ. అన్నిటికీ కొసలే గిల్లండి, వేరుతో పీకొద్దు. పది రోజులకు మళ్లీ చిగురిస్తుంది.

గంగవాయిలి కూర దగ్గర ఒక జాగ్రత్త. నేల మీద పరుచుకుని, ఎర్రటి లావు కాడలతో, నీళ్లు నింపినట్టు మందంగా ఉండే ఆకులతో ఉంటుంది. దాని పక్కనే, ఒక్కోసారి దాంట్లోనే కలిసిపోయి నానబాలు జాతి కలుపు పాకుతుంది. అలవాటు లేని కంటికి రెండూ ఒకటే. ప్రతి కాడనూ తుంచి చూడండి. నీళ్లు వస్తే గంగవాయిలి, తెల్లటి పాలు కారితే పారేయాలి. మొదటి ఏడాది నేను సంచినిండా కోసుకొస్తే చిన్నమ్మ అరుగు మీద కుమ్మరించి సగం తీసి పడేసింది. ఆ తర్వాత ఒక్కో కాడా తుంచకుండా సంచిలో వేయలేదు. పులుపుంటుంది కాబట్టి చింతపండు తగ్గించండి. గంగవాయిలి, దానిలాగే నేల మీద పాకే గలిజేరు కూర, రెంటిలోనూ ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్లు పెంచే ఉప్పులు) ఎక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు వీటికి దూరంగా ఉండటం మేలు. యూట్యూబ్‌లో చూసి మందులాగా రోజూ తినడం నాకు నచ్చని పని.

మొక్క కంటే ముందు చేను గురించి అడగండి. పత్తి చేలల్లో ఇప్పుడు గడ్డిమందు కొట్టనివాళ్లు తక్కువ. ఒకసారి బాట పక్కన లేత తోటకూర చూసి ఆశకొద్దీ కోస్తుంటే, అవతలి గట్టు మీది పెద్దాయన కేకేశాడు: “నిన్ననే మందు కొట్టినం బిడ్డా, పారబొయ్యి!” ఆకు మీద ఏ మచ్చా లేదు, నిగనిగలాడుతోంది. మందు కొట్టిన మొదటి రెండు మూడు రోజులు అట్లనే ఉంటుందట. పొన్నగంటి కూర కూడా అంతే. చెరువు అంచున, కాలువ గట్టున బాగా పెరుగుతుంది, కానీ మురికినీళ్లు కలిసే చోటుది ఎంత పచ్చగా ఉన్నా ముట్టొద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది బోడకాకర. కోస్తావాళ్లు ఆకాకర అంటారు. హైదరాబాద్ మార్కెట్లో దాని ధర వింటే చెయ్యి వెనక్కి పోతుంది. ఇది కంచెల మీద పాకే తీగ. నేలలో గడ్డ ఉంటుంది, ఎండాకాలం పైన తీగంతా పోయినా వానలకు అదే చోట మళ్లీ లేస్తుంది. అందుకని ఒకసారి దొరికిన చోటు గుర్తుపెట్టుకుంటే ఏటా మీదే. నేను ఒక నోటుబుక్కులో ‘బోరు పక్క, రెండో వేప, ఎడమ చెయ్యి’ అని రాసుకుంటా.

పునర్వసు కార్తె నుంచి, అంటే జూలై మొదటి వారం నుంచి వెతకండి. లేత పసుపు పూలు ముందు కనిపిస్తాయి. పువ్వు కింద వేలు పెట్టి చూడండి: చిన్న ముళ్ల బుడిపె తగిలితే ఆడతీగ, ఉత్త కాడే ఉంటే మగతీగ. మగతీగ కింద ఎంతసేపు వెతికినా కాయ ఉండదు. అట్లని దాన్ని పీకొద్దు, అది లేకపోతే ఆడతీగకు కాయ పట్టదు. కాయ ఆకు రంగులోనే ఉంటుంది, నిలబడి చూస్తే దొరకదు. గొంతు కూర్చుని, తీగ అడుగు నుంచి వెలుతురు వైపు చూడాలి. పచ్చగా, ముళ్లు మెత్తగా ఉన్నప్పుడు కోయండి. పసుపు తిరిగితే గింజ పళ్ల కింద రాయి. అదే కంచె మీద లింగదొండ కూడా పాకుతుంది. దాని కాయ నున్నగా, తెల్లచారలతో ఉంటుంది, పండితే ఎర్రన. అది విషం. పిల్లలు వెంట ఉంటే ముందు దాన్నే చూపించండి.

ఈ కాలంలోనే పుట్టకొక్కులు. వీటి గురించి ఏమీ నేర్పను. వెండి నాణెం నల్లబడటం, వెల్లుల్లి రంగు మారటం లాంటి ఇంటి పరీక్షలేవీ విషపు పుట్టగొడుగును పట్టలేవు. ఆరేళ్లయినా చిన్నమ్మ పక్కన లేకుండా నేను ఒక్కటీ తీయలేదు.

వినాయక చవితికి తుమ్మికూర. చేదు, కాబట్టి లేత ఆకే, పప్పులో. తర్వాత సీతాఫలం. కళ్ల మధ్య గీతలు వెడల్పై తెల్లబడ్డ కాయ కోసి గడ్డిలో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. కళ్లు విచ్చుకోని కాయ పండదు, కుళ్లుతుంది. చలికాలంలో పెద్దగా పనిలేదు: కార్తీకంలో ఉసిరి, సంక్రాంతికి రేగు, ఓపికుంటే పరికి పండ్లు. పరికి ముళ్లు కొక్కెంలా వెనక్కి తిరిగి ఉంటాయి, పాత చొక్కా వేసుకోండి. అదే రోజుల్లో జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు పాత పంటల జాతర చేస్తారు. విత్తకుండా చేలో మొలిచే కూరల గురించి అడగాలంటే వాళ్లనే అడగాలి.

ఎండాకాలం అడవిది. ఊరివాళ్లు తోడుంటేనే పోండి. ఇప్పపువ్వు తెల్లారేసరికి రాలుతుంది. చెట్టు కింద ఊడ్చి శుభ్రంగా ఉంటే ఎవరో ఏరుకుంటున్నారని అర్థం, ఆ చెట్టు వదిలేయండి. తునికి పండు దోరది కొరికితే వగరుకు నాలుక మొద్దుబారుతుంది. కింద రాలి, నొక్కితే లొత్తపడేది తీసుకోండి, సపోటాలా ఉంటుంది. మొర్రి పండు చప్పరించాక గింజ ఉమ్మేయొద్దు, లోపలున్నదే సారపప్పు. చింతచిగురు సంగతి మీకు నేను చెప్పాలా!

పోయిన ఎండాకాలం రెండో వేప దగ్గరి కంచెను జేసీబీతో లాగేసి సిమెంటు స్తంభాలు పాతారు. నోటుబుక్కులో ఆ పేజీ కొట్టేయబోతే చిన్నమ్మ ఆగమంది, గడ్డ లోతుగా ఉంటుందట. ఈ పునర్వసుకు పోయి చూడాలి.