వానలు పడకముందే బూట్ ఫ్లాపీలు చేసుకోండి

బూట్ ఫ్లాపీలంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టడానికి వాడే పాతకాలపు చిన్న డిస్కులు. రోహిణి కార్తె ఎండలు ఉండగానే వాటి పని పెట్టుకోండి. మృగశిర దాటి మహేంద్రగిరి మీద మబ్బు దిగిందంటే మా పర్లాకిమిడిలో గోడలే చెమ్మ పడతాయి, ఇక ఫ్లాపీ ఎంత?

పాతపట్నం నుంచి గుణుపురం దాకా వేబ్రిడ్జిల (లారీలు తూచే చోట్ల) దగ్గర, రైసుమిల్లుల్లో పాత కంప్యూటర్లు బాగుచేయడానికి వెళుతుంటాను. వాటిలో కొన్ని పెన్‌డ్రైవ్‌తో బూట్ కావు, అంటే మొదలుకావు, సీడీతోనూ కావు. విండోస్ మళ్లీ వేయాలంటే ఫ్లాపీతోనే మొదలుపెట్టాలి.

రెండేళ్ల కిందట శ్రావణంలో ఒక వేబ్రిడ్జి దగ్గర విండోస్ ఎక్స్‌పీ వేయడానికి కూర్చున్నాను. దాని సెటప్ ఫ్లాపీలు ఆరు. హార్డ్ డిస్క్ ముందే తుడిచేశాను. నాలుగో ఫ్లాపీ పెట్టగానే డ్రైవ్ గరగరమని ఆగిపోయింది. బయట లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఓనరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. తూకం డబ్బా మీద అంకెలు చూసి రాత్రంతా చేత్తో చీటీలు రాయించారు. అది నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి ఫ్లాపీలన్నీ ఏ మిషన్‌లో వాడాలో అదే మిషన్‌లో చివరిదాకా నడిపి చూడండి. ఆరో ఫ్లాపీ అయ్యాక సెటప్ స్వాగతం తెర వస్తుంది, అక్కడ ఎఫ్3 నొక్కి బయటికి వచ్చేయవచ్చు. అప్పటిదాకా హార్డ్ డిస్క్ మీద ఏమీ పడదు. ఈ ఆరూ సెటప్‌ను మొదలుపెట్టడానికే. సీడీతో బూట్ కాకపోయినా, ఆ తర్వాత విండోస్ ఫైళ్లు సీడీ నుంచే రావాలి. ఎక్స్‌పీలో హోమ్ రకానికి, ప్రొఫెషనల్ రకానికి వేర్వేరు ఫ్లాపీలు ఉంటాయి, సర్వీస్ ప్యాక్ (ఎక్స్‌పీకి తర్వాత వచ్చిన సవరణల మూట) కూడా సీడీతో కలవాలి. పాత తూకాల లెక్కలు వేరే డిస్క్‌లోకి ఎక్కించి, తెరిచి చూసుకున్నాకే తుడవండి.

రాసే ముందు ప్రతి ఫ్లాపీ రేకు పక్కకు జరిపి, వెనక ఇనుప బిళ్లను వేలితో మెల్లగా తిప్పుతూ లైటు కింద చూడండి. నల్లటి పొర మీద తెల్లని చుక్కలు గానీ, సాలీడు గూడులాంటి మరక గానీ కనిపిస్తే బూజు పట్టిందన్నమాట. దాన్ని డ్రైవ్‌లో అస్సలు పెట్టకండి. ఆ బూజు హెడ్‌కి (డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే భాగానికి) అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీరేస్తుంది. పొరపాటున పెట్టి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడిచి, బాగా ఆరాకే ఇంకోటి పెట్టాలి.

ఇమేజ్ ఫైల్ అంటే ఒక ఫ్లాపీ మొత్తానికి అచ్చు నకలు. దాన్ని మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయోస్ ప్రోగ్రాం మొట్టమొదట చదివేది ఫ్లాపీలోని మొదటి సెక్టారు అనే చిన్న ముక్క, 512 బైట్లు. ఇమేజ్‌ను ఫైల్‌గా పడేస్తే ఆ సెక్టారు మారదు. ఇమేజ్‌ను ఉన్నదున్నట్టు ఫ్లాపీ మీదికి ఎక్కించడానికి డాస్‌లో రారైట్ (rawrite), లైనక్స్‌లో డీడీ (dd) అనే ప్రోగ్రాంలు వాడాలి. 1.44 ఎంబీ ఇమేజ్ సరిగ్గా 14,74,560 బైట్లు ఉంటుంది. డౌన్‌లోడ్ అయింది అంతకన్నా తక్కువ ఉంటే సగంలో తెగిపోయిందేమో చూడండి.

డీడీతో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. మదర్‌బోర్డుకి తగిలించిన ఫ్లాపీ డ్రైవ్ ఎఫ్‌డీ0 (fd0) అనే పేరుతో వస్తుంది గానీ, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ హార్డ్ డిస్క్‌లాగే ఎస్‌డీబీ (sdb) అనో ఎస్‌డీసీ (sdc) అనో వస్తుంది. ఒక్క అక్షరం తప్పితే మీ డిస్క్ మొదలే చెరిగిపోతుంది. ముందు డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండ్ కొట్టి, 1.4ఎం అని చూపించేది ఏదో కళ్లారా చూసుకున్నాకే ఎంటర్ నొక్కండి.

ఒక డ్రైవ్‌లో రాసింది ఇంకో డ్రైవ్ చదవకపోవచ్చు, హెడ్ వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నా చాలు. వీలైతే ఆ మిషన్ డ్రైవ్‌లోనే రాయండి. ఏదైనా సరే రెండేసి సెట్లు చేయండి. రాయడం అయ్యాక మూల ఉన్న చిన్న మీటను జరిపి కన్నం తెరవండి. కన్నం తెరిచి ఉంటే దాని మీద ఇక ఏదీ రాయడం కుదరదు, వైరస్ కూడా ఎక్కదు.

చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. స్పీకరు మీదా, స్టెబిలైజర్ పక్కనా వద్దు. రెండో సెట్టు మిల్లులో కాకుండా ఇంట్లో, పైఅరలో ఉంచండి.