సైన్స్ ఫిక్షన్ కథ రాద్దాం – 4వ పాఠం: యంత్రాన్ని ఎలా చెడగొట్టాలి?

గత పాఠంలో, అన్నిటికీ యంత్రం మీదే ఆధారపడి బతికే ఊరిని ఊహించి ఒక పేజీ రాయమన్నాను. దాన్ని ఒకసారి బయటికి తీయండి. ‘మనుషులు యంత్రాలకు బానిసలైపోయారు’ లాంటి వాక్యం ఎక్కడైనా ఉంటే కొట్టేయండి. ఆ మాట పాఠకుడికి తనంతట తనకే తట్టాలి.

ఈ విద్యలో ఆరితేరిన కథ ఒకటుంది. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన ‘ది మెషీన్ స్టాప్స్’. అంతకుముందే, 1872లో, శామ్యూల్ బట్లర్ తన ‘ఎరెవాన్’ నవలలో యంత్రాలు మనిషిని మించిపోతాయేమోనన్న భయాన్ని చర్చకు పెట్టాడు. కానీ అక్కడ ఉన్నది ఎక్కువగా వాదన. ఫార్‌స్టర్ దాన్ని ఒక తల్లి, ఒక కొడుకు కథగా మార్చాడు.

తల్లి వష్తి భూమి లోపల, తేనెపట్టు గదిలా ఆరు పలకలున్న చిన్న గదిలో ఉంటుంది. తిండి, స్నానం, సంగీతం అన్నీ బటన్ నొక్కితే వస్తాయి. కొడుకు కూనో ఉండేది భూగోళానికి అటువైపు. చేతిలో వెలిగే పళ్లెంలోనే అతని ముఖం చూస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న ఘట్టం చూడండి. వష్తి విమానంలాంటి ఓడ ఎక్కుతుండగా ముందున్న ఒకాయన చేతిలోని పుస్తకం జారి పడుతుంది. గదుల్లోనైతే పడిన వస్తువును నేలే పైకెత్తి అందిస్తుంది. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. ఆయన వంగి తీసుకోడు. నిలబడి తన చేతి కండరాలు తడుముకుంటాడు, అవి ఎందుకు పనిచేయలేదో చూద్దామని! అందరూ ఓడ ఎక్కేస్తారు, వష్తి ఆ పుస్తకం పేజీలను తొక్కుకుంటూ పోతుంది. నాకైతే కథ మొత్తంలో ఇదే గట్టి దెబ్బ. రచయిత ఒక్క ముక్క వ్యాఖ్యానించలేదు.

ఇక అసలు పాఠం. యంత్రం ఠక్కున ఆగిపోతే అది ప్రమాదం, అంతే. ఫార్‌స్టర్ దాన్ని మెల్లగా చెడగొట్టాడు. మొదట వష్తి వినే పాటలో నిట్టూర్పులాంటి చప్పుడు వస్తుంది. కంప్లయింట్ ఇస్తే త్వరలో బాగుచేస్తామంటారు. చేయరు. కొన్నాళ్లకు ఆ నిట్టూర్పు కూడా పాటలో భాగమే అనుకుని వింటుంది. తర్వాత స్నానం నీళ్లు కంపు కొడతాయి, పండ్లకు బూజు పడుతుంది. ప్రతిదానికీ ముందు గోల, ఆపైన అలవాటు. పిలిస్తే పడకలు రానప్పుడు మాత్రం జనానికి నిజంగా టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు తెలుస్తుంది, రిపేర్లు చేసే యంత్రానికే రిపేరు వచ్చిందని.

గమనించారా? భయపెట్టేది చెడిపోవడం కాదు, సర్దుకుపోవడం. చివరి పేజీల్లో మాత్రం ఫార్‌స్టర్ కాస్త ఉపన్యాసం దంచాడు. అది మీరు నేర్చుకోనక్కర్లేదు.

మీ పేజీకి ఇప్పుడు మూడు పేరాలు కలపండి. మొదటి పేరాలో యంత్రానికి చిన్న లోపం పెట్టండి, ఎవరైనా విసుక్కోవాలి. రెండో పేరాలో అదే మనిషి ఆ లోపాన్ని పట్టించుకోకుండా పని చేసుకుపోవాలి. మూడో పేరాలో ఆ ఊరికి కొత్తగా వచ్చినవాడు ‘ఇదేంటండీ?’ అని అడగాలి, అక్కడివాళ్లకు ప్రశ్నే అర్థం కాకూడదు. కరెంటు పోవడం వద్దు, అది మరీ సులువు. ‘పాపం’, ‘విషాదం’ అన్న మాటలు ఎక్కడా రాకూడదు. ఈ మూడు పేరాలు దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో ఆ కొత్తవాడితో మాటలు రాయిస్తాం.