సానరాయి జారకుండా టేకు పలక

నీటి సానరాయి మీద ఉలి రుద్దుతుంటే రాయి జరిగిపోతుంది, బురదనీళ్లు బల్లంతా పారతాయి. మా సిరొంచ వైపు వడ్రంగి పని జరిగే చోటల్లా టేకు ముక్కలు మిగులుతాయి కాబట్టి వాటితోనే ఒక పలక చేసుకున్నాను. చాలా హాయిగా ఉంది.

అంగుళం మందం, 6 అంగుళాల వెడల్పు ఉన్న పలక తీసుకోండి. దీన్ని ప్లాస్టిక్ టబ్బు మీద అడ్డంగా పెట్టాలి కాబట్టి, పొడవు మీ టబ్బు నోటికంటే 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అడుగున రెండు అడ్డబద్దలు, టబ్బు అంచులకు లోపలి వైపు ఆనేలా బిగించండి. ఇక పలక ఎటూ కదలదు, నీళ్లన్నీ టబ్బులోకే పోతాయి. పైన రాయికి ఒక కొసన అర అంగుళం ఎత్తు బద్ద, రెండో కొసన అంగుళం ఖాళీ వదిలి ఇంకో బద్ద. ఆ ఖాళీలో ఏటవాలుగా కోసిన చెక్కముక్కను దూర్చితే రాయి నిలబడుతుంది. బద్దలు రాయికంటే ఎత్తుగా ఉంటే ఉలి తగులుతుంది, చూసుకోండి. రాయి కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పరవండి. మరలు ఇత్తడివే వాడాలి. ఇనుపవి తడికి తుప్పు పట్టి టేకును నల్లబరుస్తాయి.

చెక్కముక్కను సుత్తితో కొట్టవద్దు, చేత్తో నొక్కితే చాలు. తడికి చెక్క ఉబ్బుతుంది. అరిగి పలచబడిన రాయి ఆ బిగువుకు విరిగిపోవచ్చు. అలాంటి రాయిని ట్యూబు ముక్క మీద ఊరికే పెట్టుకోవడమే మంచిది. ప్లైవుడ్‌తో మాత్రం చేయకండి, నీళ్లకు పొరలు విడిపోతుంది.