అద్దె గదిలో కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు మీటరు చూడండి

భీమవరంలోనో అమలాపురంలోనో నలుగురు కలిసి గది తీసుకున్న పిల్లలు బిల్లు రాగానే ముందు ఫ్యాన్ మీద పడతారు. మన డెల్టా ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి పడుకుంటే తెల్లారి క్లాసులో నిద్రే. ఏది ఎంత కాలుస్తోందో తెలుసుకోకుండా దేన్నీ ఆపకండి.

ఫోను, కాగితం, పెన్ను చాలు. ఆదివారం పొద్దున్నే చేయండి. ఓనరుగారికి చెప్పి మీ మీటరు ఏదో చూపించమనండి. తెర మీద అంకెలు మారుతుంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ అని ఉన్నదే యూనిట్ల లెక్క, అది రాసుకోండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడి నుంచే. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది. పక్కనే 3200 ఇంప్ అని ఉంటే, 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అన్నమాట. కొన్నింటికి 1600 ఉంటుంది, చదవకుండా లెక్క మొదలుపెట్టకండి.

గదిలో అన్నీ ఆపండి. స్విచ్ ఆపితే చాలదు, చార్జర్లు కూడా పీకేయండి. ఐదు నిమిషాలు చూడండి. అప్పటికీ లైటు మిణుకుతుంటే మెట్ల లైటో, ఓనరుగారి మోటారో మీ మీటరుకు కలిసి ఉండొచ్చు. వానాకాలం గోడ చెమ్మెక్కి లీకేజీ కూడా కావచ్చు. మీటరు మూత తీయకండి, వైర్లు ముట్టుకోకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

మిణుకు ఆగాక ఒక్కొక్కటే వేసి నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరులో 75 వాట్ల ఫ్యాన్‌కు నిమిషానికి నాలుగుసార్లు, నీళ్లు కాచే 1500 వాట్ల హీటర్ రాడ్‌కు ఎనభైసార్లు వెలుగుతుంది. ఫ్రిజ్ ఉంటే కంప్రెసర్ మోగుతున్నప్పుడే లెక్కించాలి, లేకపోతే అది ఏమీ కాల్చనట్టే కనిపిస్తుంది.

రాడ్ అరగంట వేసిన కరెంటుతో ఆ ఫ్యాన్ పది గంటలు తిరుగుతుంది. మన దగ్గర చలికాలం పొద్దున బోరు నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి, అప్పుడే పట్టుకుని స్నానం చేసేయండి. ఇస్త్రీ వారానికి ఒక్కసారే, బట్టలన్నీ కలిపి.

బిల్లు సగం చేస్తామంటూ సాకెట్లో పెట్టే పెట్టెలు అమ్ముతారు, కొనకండి. ఇంటి మీటరు కొలిచేది మీరు నిజంగా వాడిన యూనిట్లనే, ఆ పెట్టె వాటిని తగ్గించలేదు.

ఇక ప్రతి ఆదివారం రీడింగ్ గోడ మీద రాయండి. నలుగురి వాడకం ఒకే మీటరులో కలిసి పై శ్లాబులోకి, అంటే యూనిట్లను బట్టి రేటు మారే పై మెట్టులోకి, వెళితే ఆపై యూనిట్ల రేటు పెరుగుతుంది. నెల మధ్యలోనే తెలిస్తే రాడ్ అటకెక్కించొచ్చు.