నలుగురిలో కథ చెప్పడం – 3వ పాఠం: తీర్పు వినేవారి నోట రావాలి

గత పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ ఊళ్లో అన్ని మతాలవారినీ ఇబ్బంది పెడుతున్న ఒక సమస్యను ఎంచుకుని, దాని గురించి మీరు కళ్లారా చూసిన సంఘటనను పదిహేను వాక్యాల్లో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠం ప్రధానంగా అందులోని చివరి మూడు వాక్యాల గురించి.

మనలా క్రైస్తవ సంఘంలో పెరిగినవారికి కథ చెప్పడం కొత్త కాదు. ఆదివారం బడిలో విన్నాం, ఉపవాస కూడికల్లో సాక్ష్యాలు చెప్పాం. చిక్కు కూడా అక్కడే ఉంది. సాక్ష్యానికి ముగింపు ముందే తెలుసు, ఎదురుగా కూర్చున్నవారు ‘ఆమేన్’ అనడానికి సిద్ధంగా ఉంటారు. గ్రామసభలోనో, అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలోనో, పండుగల ముందు పోలీసులు పిలిచే శాంతి సంఘంలోనో ఆ సౌకర్యం ఉండదు. అక్కడ హిందువులు, ముస్లింలు, ఏ దేవుణ్ణీ నమ్మనివారు, ఎదుటి వీధి చర్చికి వెళ్లే క్రైస్తవులు కలిసి కూర్చుంటారు. (చివరివారిని ఒప్పించడమే ఒక్కోసారి అన్నిటికన్నా కష్టం.) ‘విడుదల పొందాను’ అంటే ఏ జైలు నుంచో అనుకునేవారూ ఉంటారు. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది, దాన్ని వాడుకునే సందర్భాలు వేరే ఉన్నాయి. ఇక్కడ మనం నేర్చుకుంటున్నది అది కాదు. అందరిదీ అయిన ఒక విషయం మీద, అందరితో కలిసి ఒక నిర్ణయానికి రావడానికి, మన విశ్వాసం మనకు నేర్పిన చూపుతో కథ చెప్పడం.

ఈ పనికి బైబిలులోని నాతాను ప్రవక్తను మించిన గురువు నాకు కనబడలేదు. రెండవ సమూయేలు 12వ అధ్యాయం తెరవండి. రాజైన దావీదు తన సైనికుడు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టించి చంపించాడు. రాజును నిలదీయడానికి వచ్చిన ప్రవక్త పది ఆజ్ఞలు ఏకరువు పెట్టలేదు. ఒక పట్టణంలో ఇద్దరు మనుషులు ఉన్నారని మొదలుపెట్టాడు. ధనవంతుడికి గొర్రెలు, గొడ్లు విస్తారంగా ఉన్నాయి. బీదవాడికి ఒక్కటే ఆడ గొర్రెపిల్ల. అది అతని ముద్దలో ముద్ద తిని, అతని గిన్నెలో తాగి, అతని కౌగిట్లో పడుకుని, కూతురిలా పెరిగింది. ధనవంతుడి ఇంటికి బాటసారి వచ్చాడు. తన మందలోంచి తీయడానికి మనసొప్పక, ధనవంతుడు బీదవాడి గొర్రెపిల్లను పట్టుకుని వండించాడు. కథ అంతే. బీదవాడు ఏడ్చాడా, శాపనార్థాలు పెట్టాడా అన్నది నాతాను చెప్పడు. దావీదే మండిపడి, ఆ పని చేసినవాడు చావదగినవాడని, నాలుగింతలు చెల్లించాలని తీర్పు ఇచ్చేస్తాడు.

ఇందులో చేతిపనిని గమనించండి. దావీదు చిన్నప్పుడు గొర్రెల కాపరి. అడవి మృగం నోట్లోంచి గొర్రెపిల్లను లాక్కున్నవాడు. అలాంటివాడికి గొర్రెపిల్ల కథ చెబితే వాదనకన్నా ముందు ఒళ్లు స్పందిస్తుంది. వివరాలు ఎక్కడ పోశాడో కూడా చూడండి. ముద్ద, గిన్నె, కౌగిలి, అన్నీ గొర్రెపిల్ల చుట్టూనే. ధనవంతుడికి క్రూరమైన చూపు లేదు, బానపొట్ట లేదు, కనీసం పేరు లేదు. చెడ్డవాడి మీద ఒక్క విశేషణం పడినా రాజు అప్రమత్తమయ్యేవాడు. మన సభల్లో చాలా కథలు చెడిపోయేది ఇక్కడే. ‘ఆ దుర్మార్గపు కాంట్రాక్టరు’ అన్న మరుక్షణం సభలో సగంమంది కథ వినడం మానేసి, ఆ కాంట్రాక్టరు ఏ పార్టీవాడో లెక్క వేసుకుంటారు.

నాతాను దగ్గర తీసుకోకూడనిది కూడా ఒకటి ఉంది. ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్న మాట. అది అనడానికి ఆయనకు అధికారం ఉంది. రాజూ ప్రవక్తా ఒకే దేవుడికి లోబడినవారు. సర్పంచి వైపు వేలు చూపి మీరు అదే మాట అంటే సభ రెండు వర్గాలుగా చీలుతుంది, గొర్రెపిల్లను అందరూ మరచిపోతారు. కాబట్టి కథ, మౌనం, వినేవారి తీర్పు వరకు నాతాను దారి పట్టండి. తరువాతి వాక్యాన్ని ఆయనకే వదిలేయండి.

లూకా 10వ అధ్యాయంలోని సమరయుని ఉపమానం (దొంగలు కొట్టి వదిలేసిన మనిషిని చూసి ఇద్దరు దాటిపోతే, మూడోవాడైన సమరయుడు ఆగి ఆదుకున్న కథ) మీకు కంఠస్థమే, వివరంగా మళ్లీ చెప్పను. రెండు సంగతులు మాత్రం చూడండి. ‘నా పొరుగువాడెవడు’ అన్న ప్రశ్నకు యేసు నిర్వచనం ఇవ్వలేదు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో జరిగిన కథ చెప్పి, ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడయ్యాడో నువ్వే చెప్పమని ప్రశ్నను తిప్పి అడిగాడు. రెండోది మనకు ఇంకా ఇబ్బందికరమైనది. ఆ కథలో దాటిపోయిన యాజకుడు, ఆలయ సేవకుడైన లేవీయుడు వినేవారి సొంత మనుషులు. ఆగినవాడు వారు దూరం పెట్టిన జాతివాడు. ఈ కథను వేదిక ఎక్కి చెప్పే మన ప్రసంగాల్లో సమరయుడు ఎప్పుడూ క్రైస్తవుడే అయిపోతాడు, గాయపడినవాడు లోకస్థుడు, అంటే విశ్వాసి కానివాడు అవుతాడు. అంటే యేసు చెప్పిన కథను తలకిందులు చేసి చెబుతున్నామన్నమాట. మీ పదిహేను వాక్యాల్లో మంచి పని చేసినవారందరూ మీ సంఘంవారేనా? అయితే ఆ సంఘటనను మరోసారి గుర్తు తెచ్చుకోండి. మీరు చూసి కూడా రాయని మనిషి ఎవరో ఒకరు అందులో ఉండే ఉంటారు.

ఈ ఉపమానం మన దేశ చట్టంలోకి నడిచి వచ్చిన తీరు ఈ పాఠానికి బాగా పనికొస్తుంది. రోడ్డు ప్రమాదంలో పడినవారిని ఆసుపత్రికి చేర్చేవారిని కాపాడేందుకు కేంద్రం 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షన్ చేర్చారు. ఇలా సాయపడేవారిని ఆ సెక్షన్ పిలిచే పేరు ‘గుడ్ సమరిటన్’. ఆ పేరు ఎక్కడిదో తెలియనివారికి కూడా రక్షణ అంతే వర్తిస్తుంది. బైబిలు పేరు చట్టంలోకి ఎక్కిందని మనం గర్వపడితే అసలు సంగతి జారిపోతుంది. యాజకుడు ఎందుకు ఆగలేదో ఉపమానం చెప్పదు. మన రోడ్ల మీద జనం ఎందుకు ఆగరో ఈ చట్టం వెనుక ఉన్న చర్చ తేల్చింది: పోలీసు స్టేషను, కోర్టు వాయిదాలు, ఆసుపత్రి బిల్లు తమ మెడకు చుట్టుకుంటాయన్న భయం. కథలో ఖాళీగా ఉన్న చోటును సమాజం తన అనుభవంతో నింపుకుంది. అన్నీ చెప్పేసిన కథకు ఆ అవకాశం ఉండదు.

మన భాషలోనే ఇంకో ఉదాహరణ ఉంది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ ప్రచురించినప్పుడు, తెలుగు పండితులకు సుపరిచితమైన, యక్షుడు మేఘంతో కబురు పంపే కాళిదాసు సందేశకావ్యం మార్గాన్నే ఎంచుకున్నాడు. మేఘానికి బదులు గబ్బిలం, యక్షుడికి బదులు అంటరాని పేదవాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుతాడు. గబ్బిలం వెళ్లగలిగిన చోటికి మనిషి ఎందుకు వెళ్లలేడో పాఠకుడే తనకు తాను జవాబు చెప్పుకోవాలి. వినేవారి ఇంటి గుమ్మంలోంచి లోపలికి వెళ్లడమంటే ఇదే. నాతాను గొర్రెలతో చేసినదాన్ని జాషువా గబ్బిలంతో చేశాడు.

ఇక సాధన. ఇది నమూనా కోసం నేను కల్పించింది. వర్షాకాలంలో శ్మశానానికి దారి లేని ఊరు అనుకుందాం. మొదటి ప్రతి చివరి మూడు వాక్యాలు ఇలా ఉన్నాయి:

‘పెట్టెను నడుము లోతు నీళ్లలో మోశాం. ప్రభువు బలం ఇవ్వబట్టి ఒడ్డుకు చేరాం. ఇకనైనా పంచాయతీ మా క్రైస్తవులను పట్టించుకోవాలి.’

మొదటి వాక్యం చాలా బాగుంది. రెండోది మోసినవారికి నిజమే, కానీ సభ దానితో చేయగలిగింది ఏమీ లేదు. మూడోది అందరి దారిని ఒక వర్గం దారిగా మార్చేసింది. తిరగరాసిన ప్రతి:

‘పెట్టెను నడుము లోతు నీళ్లలో మోశాం. మోసిన ఆరుగురిలో ఇద్దరు మా సంఘంవారు కాదు, పై వీధి రైతులు. ఒడ్డుకు చేరాక వారిలో ఒకాయన, రేపు మా నాన్నను తీసుకెళ్లాలన్నా ఇదే వాగు కదా అన్నాడు.’

డిమాండు కనబడదు. ‘మరి వాగు మీద కల్వర్టు ఎందుకు వేయలేదు’ అని సభలో ఎవరో ఒకరు అడుగుతారు, ఆ మాట మీది కాకపోవడమే మీకు కావలసింది. ఒకవేళ ఎవరూ అడగకపోతే, తీర్మానం పెట్టమని సూటిగా, విడిగా అడగండి. అడగడానికి కథను బలవంతపెట్టకండి.

విశ్వాసాన్ని దాచమని నేను చెప్పడం లేదు. ‘మా సంఘంలో ఒక పెద్దావిడ చనిపోయింది’ అని మొదటి వాక్యంలోనే మీరెవరో చెప్పేయండి. దాచి, మధ్యలో బయటపడితే కథంతా ఎత్తుగడగా కనిపిస్తుంది. ఆ రైతు ఆ మాట నిజంగా అని ఉండాలి కూడా. అనకపోతే ఆ వాక్యం తీసేయాలి, ఎంత అందంగా ఉన్నా సరే. చనిపోయిన వారి కుటుంబాన్ని అడగకుండా వారి దుఃఖాన్ని సభకు తీసుకురాకండి.

ఈ వారం చేయవలసింది: మీ కాగితంలో చివరి మూడు వాక్యాలను చేత్తో మూసి, మిగతా పన్నెండూ మీ సంఘానికి చెందని ఒకరికి చదివి వినిపించండి. ‘ఏమి చేస్తే బాగుంటుంది’ అని మాత్రం అడగండి. మీరు కోరుకున్న జవాబే వస్తే ఆ మూడు వాక్యాలు అక్కర్లేదు. రాకపోతే లోపం మధ్యలో ఉంది, మీ గొర్రెపిల్లకు ముద్దా గిన్నె ఇంకా దొరకలేదు. ముగింపును గట్టిగా చేయడానికి పోకుండా మధ్య భాగాన్ని దిద్దండి.

వచ్చే పాఠంలో, మీరు కథ ముగించగానే వెనక వరుసలోంచి ఒకరు లేచి ‘ఇదంతా మతం మార్చడానికే కదా’ అని అడిగిన సందర్భం చూద్దాం. ఆ ప్రశ్నకు ఈరోజు మీకు తోచిన జవాబును, కోపంగా ఉన్నా సరే, అదే కాగితం వెనక రాసి ఉంచండి.